గుత్తికొండ బిలంలో నా జూకాలు

మొన్న మా మనవరాలు ఫ్రాన్సు దేశం పోయి వచ్చింది. ఆఫీసు పని మీద పోయిందట గానీ, పని అయిపోయాక అక్కడి పల్లెటూళ్ళు చూసి వస్తానని నాలుగు రోజులు సెలవు పెట్టిందట. నా మంచం మీద కూచొని ఫోనులో బొమ్మలు ఒక్కొక్కటే జరుపుకుంటా చూపించింది. కొండ మీద పాతకాలం కోట, కింద మెల్లగా పారే ఏరు, ఏట్లో చిన్న చిన్న పడవలు, ఒడ్డున రాతి ఇళ్ళు. ఆ రాయి మా పల్నాటి సున్నపురాయి మాదిరే ఉంది. ఈ మాత్రం రాళ్ళు చూడటానికి విమానం ఎక్కాలా, పిడుగురాళ్ళ బస్సెక్కితే చాలదా అన్నాను. అది నవ్వి ఇంకో బొమ్మ తీసింది. గుహ. నున్నటి మెట్లు, పట్టుకోటానికి ఇనప కమ్మీ, అడుగడుక్కీ పచ్చగా ఎర్రగా లైట్లు. టికెట్టు ఎంత అని అడిగాను. వాళ్ళ డబ్బుల్లో చెప్పింది. మన రూపాయల్లో చెప్పమంటే చెప్పలేదు. నా రక్తపోటు సంగతి దానికి తెలుసు.

“చివర్లో అక్కడ ఒక తమాషా చేశారు అమ్మమ్మా” అని ఏదో చెప్పబోతుంటే, అన్నం వేళ అయిందని లేపాను. మజ్జిగ పొయ్యనా అంటే ఫోను మీంచి కళ్ళెత్తకుండా తల అడ్డంగా ఊపింది. నేను గిన్నె పట్టుకొని అట్టాగే నిలబడ్డాను. “నోరు లేదా? నోటితో చెప్పు” అన్నాను. “అబ్బ, వద్దు అమ్మమ్మా, వద్దు” అని, వాళ్ళమ్మ వైపు తిరిగి “అమ్మమ్మ మళ్ళీ మొదలెట్టింది” అన్నది. మా ఇంట్లో ఆడపిల్లలు తల ఊపి జవాబు చెబితే నేను ఊరుకోనని అందరికీ తెలుసు. నా కూతుళ్ళు దీని మీద దెబ్బలు కూడా తిన్నారు. ముసల్దాని చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ఆ గుహ బొమ్మ చూసిన కాణ్ణించి నాకు గుత్తికొండ బిలం కళ్ళలో మెదులుతా ఉంది. నేను చదివింది మూడో తరగతి, రాత వంకర. అయినా నాకు వచ్చినట్టు రాస్తాను.

అప్పుడు యుద్ధం జరుగుతున్న కాలం. ఎక్కడో దేశాల్లో జరిగే యుద్ధం మా నకరికల్లు చుట్టుపక్కల పల్లెల్లోకి రెండు తోవల్లో వచ్చింది. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు. గుడ్డంతా కంట్రోలు. చిరిగిన చీరలు రెండు కలిపి ఒకటి కుట్టుకునేవాళ్ళం. నాకు పదిహేనో ఏడు నడుస్తా ఉంది. బడి మానిపించి చానా కాలమైంది గానీ ఇంట్లో కూచోలేదు. మా నాయన వెంట బండెక్కి మిరప తోటకూ, సంతకూ, ఎక్కడికంటే అక్కడికి పొయ్యేదాన్ని. ఎద్దుల ముక్కుతాడు పట్టుకుంటే అవి నా మాటే వినేవి. మా అమ్మకు అది ఎంతమాత్రం గిట్టేది కాదు. అయితే ఇంట్లో మర్యాద మాత్రం గట్టిగా నేర్పింది. పెద్దవాళ్ళు ఏదన్నా అడిగితే ఆడపిల్ల నోరు తెరిచి అవునూ కాదూ అనకూడదు. అవునంటే తల కిందికి, కాదంటే అడ్డంగా. “నీ నోరు పెద్దల చెవిన పడకూడదే” అనేది మా అమ్మ. నోరు తెరిచి కాదంటే మూతి మీద ఒకటి పడేది. అందుకని అరటిపండు పెట్టినా, వాత పెట్టినా నా తలే జవాబు చెప్పేది.

ఆ తొలకరి ముందు మా మేనత్త పుట్టింటికి వచ్చి, పల్నాడంతా యాత్ర చేద్దామన్నది. కారంపూడి వీరుల గుడి, మాచర్ల చెన్నకేశవస్వామి, ఎత్తిపోతల, తిరుగుదోవలో గుత్తికొండ బిలం. మా నాయన పైసా ఊరికే వదిలే మనిషి కాదు. ఆయన మారుమాట్లాడకుండా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఊళ్ళు చూస్తానన్న సంబరంలో ఉన్నాను. మా అమ్మ తన జూకాలు తీసి నా చెవులకు పెట్టింది. అప్పుడన్నా రావాల్సింది.

మా మేనత్త ఒంటి చాయ బాగుండేది, ఒళ్ళు ఇంకా బాగుండేది. ఆమె దగ్గర మంచి చీరలు మూడు ఉన్నాయి. పెట్టెలో పెట్టి బండెక్కిస్తే దోవలో దొంగలు ఎత్తుకుపోతారనీ, గుడ్డ కరువులో మళ్ళీ కొనలేమనీ మూడూ ఒకదాని మీద ఒకటి కట్టుకొని బయలుదేరింది. ఎండాకాలం. బండిలో ఆమె పక్కన కూచుంటే కుంపటి పక్కన కూచున్నట్టే ఉండేది. ఆగిన చోటల్లా చాటుకు పోయి పైచీర లోపలికీ, లోపలిది పైకీ మార్చుకొని వచ్చేది. చూసినవాళ్ళు రోజుకో చీర కడుతుందనుకోవాలి. నేను పిసినారినని మా ఇంట్లో అంటారు. ఆమెను చూసినవాళ్ళు నన్ను దాతనంటారు.

కారంపూడిలో నాగులేరు ఎండి ఇసక మిగిలింది. వీరుల గుళ్ళో రాళ్ళు వరసగా నిలబెట్టి ఉంటే, ఒక్కో రాయీ ఒక్కో వీరుడని పూజారి చెప్పాడు. నేను ఒక్కో రాయినీ ముట్టుకుంటా తిరిగాను. “మగాళ్ళు చస్తే రాళ్ళు నిలబెట్టారు, మరి ఆడాళ్ళకేవీ?” అని మా మేనత్తను అడిగాను. “వాళ్ళు వంట చేస్తా ఉండి ఉంటారు, పద” అన్నది.

మాచర్ల గుడి దగ్గర మాకు ఇంకో బండి తగిలింది. నాలుగు పక్కలా తెర కట్టిన బండి. అందులో గురజాల నుంచి వచ్చిన ఒకావిడ. అనుకోకుండా కలిసినట్టు మా మేనత్త బుగ్గన వేలు పెట్టుకొని ఆశ్చర్యపోయింది. ఆవిడ భర్త, గంభీరంగా ఉన్న పెద్దాయన, మా నాయనతో వానల గురించి మాట్లాడాడు. అక్కణ్ణించి రెండు బండ్లూ కలిసి నడిచాయి. ఆవిడ నన్ను మంచినీళ్ళు తెమ్మనేది. నేను నడుస్తుంటే పాదాలు చూసేది. జడ విప్పించి, దువ్వి, మళ్ళీ అల్లింది. ఆ రోజుల్లో ఇంటి దగ్గర పెళ్ళిచూపులు పెడితే, కాదన్నప్పుడు ఆ పిల్లకు వంక ఉందేమోనని ఊరంతా అనుకునేది. అందుకని కొంతమంది యాత్ర పేరు పెట్టి గుళ్ళ దగ్గర కలుసుకునేవాళ్ళు. కుదిరితే దేవుడి దయ, కుదరకపోతే దోవన పొయ్యేవాళ్ళు. ఆవిడ కొడుక్కి నన్ను చూస్తున్నారని నాకు ఎత్తిపోతల దగ్గర తెలిసింది. మా మేనత్తే చెప్పింది, పుణ్యం కట్టుకుంటున్నట్టు.

“గురజాలలో వాళ్ళది నాపరాళ్ళ మేడ తెలుసా. ఆడాళ్ళు గడప దాటే పనే లేదు. నీళ్ళు ఇంట్లోకొస్తయి, గాజులమ్మేవాడు ఇంట్లోకొస్తాడు, ఎండ మొహం చూసే పనుండదు. ఎంత అదృష్టమే నీది.”

నేను ఎదురుగా లోయలోకి దూకే నీళ్ళను చూస్తున్నాను. పై కొండల్లో ముందే వానలు పడ్డాయేమో, అంత ఎత్తునుంచి, తెల్లగా, ఎవరి మాటా విననట్టు పడుతున్నాయి. అప్పటికి సాగరు డ్యాము లేదు, ఎవరూ అటువైపు వచ్చేవాళ్ళు కారు. చల్లటి తుంపర మొహాన పడుతున్నది. మా నాయన బండి, ఎద్దులు, సంత, మిరప తోట అన్నీ ఒకదాని వెనక ఒకటి తలుపులు వేసుకున్నట్టు అనిపించింది. వెనక నుంచి “అమ్మాయ్” అని పిలుపు వినపడ్డది. ఆవిడ బండి తెర లోపలే కూచొని ఉంది. “ఆ తెర అంచు కొంచెం ఎత్తి పట్టుకో. మావాళ్ళు ఇటు చూడటం లేదుగా?” అన్నది. చూడటం లేదని తల అడ్డంగా ఊపి, తెర ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ నోరు తెరిచి చూసింది. చానాసేపు చూసి, “ఎన్ని నీళ్ళు ఊరికే పోతున్నయ్యే” అన్నది. నీళ్ళ గురించే అన్నదని అప్పుడు అనుకున్నాను.

తిరుగుదోవలో గుత్తికొండ వచ్చాం. పల్నాటి యుద్ధం అయిపోయాక, అందరినీ పోగొట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఆ బిలంలోకి నడిచి పోయి మళ్ళీ బయటికి రాలేదని మా వైపు చెప్పుకుంటారు. లోపల నీళ్ళ గుండం ఉంది. అందులో కట్టుబట్టలతో మునిగితే పుణ్యం. గురజాల పెద్దాయన మోకాళ్ళ నొప్పులని బండ్ల దగ్గరే ఉండిపోయాడు. పూజారి కాగడా పట్టుకొని ముందు నడిచాడు. వెనక మా నాయన, మా మేనత్త, ఆవిడ, చివర నేను. గబ్బిలాల కంపు, పాదాల కింద చెమ్మ, మెడ వంచితేనే ముందుకు పొయ్యేంత తోవ. ఒకచోట రెండు బండల మధ్య ఏటవాలుగా ఒక సందు ఉంది. పొట్ట లోపలికి పీల్చుకొని, పక్కకు తిరిగి, కిందికి జారాలి. మా మేనత్త గోవిందా అనుకుంటా జారింది. మేమూ జారాం. గుండంలో మునిగాం. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఏం మొక్కుకున్నావే అని మా మేనత్త అడిగితే తల దించుకున్నాను. ఈ సంబంధం తప్పించమని మొక్కుకున్నానని చెప్పటానికి తలకు రాదు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే వరస. పూజారి సందెక్కాడు, మా నాయన ఎక్కాడు, మా మేనత్త దూరింది. తల, భుజాలు అవతలికి పోయాయి. నడుం దగ్గర ఆగింది. దిగేటప్పుడు పొడి చీరలు, పైగా పల్లం. ఇప్పుడు మూడు చీరలూ తడిసి నీళ్ళు తాగి ఉబ్బాయి, పైగా మిట్ట. మా నాయన అవతలి నుంచి చేతులు పట్టుకొని లాగాడు. నేను ఇవతలి నుంచి తోశాను. తిరగలిలో కందిగింజ ఇరుక్కున్నట్టు ఇరుక్కుంది. కాగడా వెలుగు అవతలే ఉండిపోయింది. సందు నిండా మా మేనత్తే ఉండేసరికి మా వైపు ఒక్క వెలుగుగీత కూడా రాలేదు.

“చాకు ఉంది. చీర కోస్తే వచ్చేస్తారమ్మా” అని పూజారి అనటం లోపలికి మెత్తగా వినపడ్డది.

“కోస్తే నన్ను కొయ్యి, చీర మీద చెయ్యేస్తే ఊరుకోను” అన్నది మా మేనత్త. “నువ్వు తెచ్చిస్తావా మళ్ళీ గుడ్డ?”

“మరి విప్పుకో అక్కా” అన్నాడు మా నాయన.

“మీరిద్దరూ ఇక్కడ నిలబడి చూస్తుంటేనా? సిగ్గు లేదంటరా? బయటికి పొండి. లోపలున్న ఆడాళ్ళు విప్పుతారు.”

కాగడాలో నూనె కూడా అయిపోవచ్చింది. బయటికి పోయి నూనె పోసుకొని వస్తామని వాళ్ళిద్దరూ వెళ్ళారు. అంతే. ఇక చీకటి. అంత చీకటి నేను మళ్ళీ చూడలేదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. మా మేనత్త అవతల గోవింద నామాలు ఎత్తుకుంది. ఆ గొంతు గోనెసంచిలోంచి వచ్చినట్టు ఉంది. నేను బండకూ ఆమె పొట్టకూ మధ్య చెయ్యి దూర్చి కుచ్చిళ్ళు వెతికాను. దొరికాయి గానీ తడిసి బిగుసుకుపోయాయి, రాలేదు. వేళ్ళు నొప్పెట్టి వెనక్కి జారి కూచున్నాను. పక్కన ఆవిడ ఊపిరి వినపడుతున్నది. చెయ్యి తడుముకుంటా వచ్చి నా మోకాలి మీద ఆగింది.

“అమ్మాయ్, ఇప్పుడైతే ఎవరూ వినరు. ఒక మాట అడుగుతా” అన్నది ఆవిడ, మెల్లగా. “మా ఇల్లు కూడా ఇంతే. వెలుతురు ఉంటది గానీ, ఇంతే. పెళ్ళయి ఆ గడప లోపలికి వచ్చాక బయటికి రావటం నాకు ఇదే మొదలు. అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. నేను నిన్ను అడుగుతున్నా. నీకిష్టమైతే సరే. లేదంటే నాకు పిల్ల నచ్చలేదని నేనే చెప్తా. తప్పు నా మీదేసుకుంటా, నీకు మాట రాదు. చెప్పు. నీకిష్టమేనా?”

నన్ను అంతవరకూ ఎవరూ ఏదీ ఇష్టమేనా అని అడగలేదు. వంకాయ కూర కూడా అడగలేదు. ఇందాకటి మొక్కు గుండం నీళ్ళు ఆరకముందే తీరుతున్నది. తల అడ్డంగా ఊపాను. ఒకసారి కాదు, గట్టిగా, మెడ నొప్పెట్టేదాకా ఊపాను. మా అమ్మ పెట్టిన జూకాలు చెంపలకు తగిలి గలగలమన్నాయి.

ఆ గలగల ఆవిడకు వినపడ్డది. “మంచిది తల్లీ” అన్నది. మోకాలి మీది చెయ్యి నా తల మీదికి వచ్చి నిమిరింది. “మంచిది. నాకూ తోడొస్తావు.”

అప్పటిగ్గాని నాకు అర్థం కాలేదు, ఏం జరిగిందో. తల నిలువుగా ఊపినా అడ్డంగా ఊపినా చీకట్లో జూకాలకు ఒకటే చప్పుడు. నోరు తెరిచాను. మాట ఉంది, అక్కడే నాలిక మీద ఉంది. పదిహేనేళ్ళు పెద్దవాళ్ళ ముందు ఆ మాటను బయటికి రానివ్వలేదు గదా, ఆ పూట రమ్మంటే అదెందుకొస్తుంది. పెదాలు కదిలాయి, గాలి వచ్చింది. అవతల మా మేనత్త “ఏమేవ్ పిల్లా, చచ్చావా బతికావా, విప్పవే, ఊపిరాడక చస్తున్నా” అని కేకేసింది. పెద్దవాళ్ళు పిలిస్తే పలకాలి. లేచి పొయ్యాను.

ఈసారి కుచ్చిళ్ళు ఒక్క లాగుకే వచ్చాయి. మొదటి చీర ఊడింది. చుట్టూ తిప్పుకుంటా, తడి గుడ్డను చేతికి చుట్టుకుంటా లాగాను. రెండోది కూడా లాగాను. రెండోది సగం వచ్చేసరికి మా మేనత్త తొక్క ఒలిచిన పండు మాదిరి అవతలికి జారిపోయింది. ఆ సందులోంచి ఎక్కడో మలుపులో వస్తున్న కాగడా వెలుగు నా మొహాన పడ్డది. నన్ను గురజాల మేడలోకి పంపే తలుపు తీసింది నేనే, నా చేతుల్తోనే. ఇది నాకు ఆ తరవాత ఎన్నో పగళ్ళు ఆలోచిస్తే తట్టింది. అప్పుడు మాత్రం చీర చిరగలేదు గదా అని చూసుకున్నాను. చిరగలేదు.

బయట ఎండలో ఆవిడ భర్త వైపు చూసి తల కిందికి ఊపింది. ఆమెకూ ఎవరో అట్టాగే నేర్పారు. మా నాయన మొహం వెలిగింది. బండ్ల నీడలోనే తాంబూలాలు పుచ్చుకున్నారు. మా మేనత్త ఒంటి చీర మీద నిలబడి, మిగతా రెండూ కంప మీద ఆరేసి, అంతా స్వామి దయ అన్నది.

నాపరాళ్ళ మేడ నిజంగానే మంచి మేడ. వేసవిలో చల్లగా ఉండేది. కిటికీలు మనిషి తల కంటే ఎత్తున ఉండేవి, గాలి కోసం పెట్టినవి, చూపు కోసం కాదు. బయట బండి పోతుంటే ఎద్దుల మెడ గంటలు విని, బరువు బండో ఖాళీ బండో చెప్పేదాన్ని. మా అత్తగారు, ఆవిడే, నన్ను ఒక్క మాట అనలేదు. కాపరానికి వచ్చిన ఏడాది తిరక్కుండానే భోజనాల దగ్గర మామగారితో, గుత్తికొండ గుండంలో మొక్కుకున్నాననీ, ఏడాదికోసారి కోడల్ని వెంటబెట్టుకొని పోయి మునగాలనీ చెప్పింది. మొక్కు అంటే మగాళ్ళు నోరెత్తరు. ఆ రోజు ఆవిడ ఏమీ మొక్కుకోలేదని నాకు తెలుసు. ఏడాదికోసారి తెర బండెక్కి, ఆరుబయలు చూడటానికి ఆ చీకటి బిలంలోకే పొయ్యేవాళ్ళం. దోవలో మలుపు తిరగ్గానే ఇద్దరం చెరోవైపూ తెర ఎత్తేవాళ్ళం. అది ఒక ఏటికి సరిపోవాలి. పొదుపు నాకు అక్కడే ఒంటబట్టిందేమో.

ఆవిడ మంచాన పడ్డాక, కాళ్ళు ఒత్తుతా ఉండి ఒక మధ్యాహ్నం చెప్పాను. అప్పటికి నాకు పిల్లలు పుట్టారు, నోరు కూడా కాస్త పుట్టింది. “అత్తయ్యా, ఆ రోజు బిలంలో నేను తల అడ్డంగా ఊపాను” అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. తరవాత, “నాకు వినపడ్డది గలగలేనే. ఏ వైపుదో అడగొచ్చు. అడగలా. నాకు కావలసినట్టు వినుకున్నా” అన్నది. ఆ చెయ్యి వెతుక్కుంటా వచ్చి మళ్ళీ నా మోకాలి మీద ఆగింది. నాకు కోపం రావాలి. కొంత వచ్చింది కూడా. అయినా కాళ్ళు ఒత్తటం ఆపలేదు.

ఆవిడ పోయాక జూకాలు కరిగించి దుద్దులు చేయించుకున్నాను. బంగారం వృథా చెయ్యకూడదు, చప్పుడు చెయ్యకూడదు. మా మనవరాలు జూకాలు పెట్టుకో అమ్మమ్మా, నీకు బాగుంటయి అంటది గానీ, దానికి ఈ సంగతి తెలీదు.

అన్నం తిన్నాక ఆ తమాషా ఏందో చెప్పింది. ఆ గుహ చివర్లో, అసలైన చీకటి ఎట్టా ఉంటుందో చూపిస్తామని లైట్లన్నీ ఒక్కసారి తీసేశారట. ఇదేమో “లైటెయ్యండి” అని తెలుగులో గట్టిగా అరిచిందట. అందరూ నవ్వారట. “అరిచావా, నోటితోనే?” అని అడిగాను. “నోటితోనే అమ్మమ్మా” అన్నది. బతికావులే అని, దాని చేతిలో ఇంకో అరిసె పెట్టాను. అది నమల్తా, భయమేసింది గానీ బాగుందన్నది. బాగానే ఉంటది మరి, నిమిషంలో లైటేస్తారని తెలిస్తే. మాకు అది ఎంతసేపో ఎవరూ చెప్పలేదు.